కాలువగట్టుపై కొంగజపము

పైకి భక్తియు లోన కపటమును గలవానిని చూచి ‘కొంగజపము చేయుచున్నాడు’ అనుట మనలో చిరకాలముగా నున్న వాడుక. చేపలను నమ్మించి ఒక్కొక్కదానినే మ్రింగి, తుదకు ఎండ్రకాయ చేత ప్రాణములు కోల్పోయిన బకము కథను పంచతంత్రమున మనమందఱమును బాల్యముననే చదివితిమి. ఆ కథ నీతికి న్యాయము చేసినదే గాని పక్షికి చేయలేదు. కాలువ యంచున నిలుచున్న కొంగ ఎవ్వరికిని మాట యియ్యలేదు, ఇచ్చి తప్పనులేదు. దాని యాహారము నీటిలో నున్నది. నీరు కదలినచో చేప తొలగిపోవును. కావున అది కదలదు. అది కపటము కాదు, ఏకాగ్రత.

మార్గశిరము మొదలు మాఘము వఱకు కృష్ణా గోదావరీ మండలములలో తెల్లవాఱుజామున కాలువగట్ల వెంట నడచువారికి నేడు మఱియొక జపము కూడ కనబడుచున్నది. మెడలో దుర్భిణియు, చేతిలో పొడవైన కటకము గల కెమేరాయు ధరించి యువకులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, అక్కడక్కడ స్త్రీలును గట్టువాలున కూర్చుండి గంటలకొలది నీటివైపు చూచుచుందురు. చేలకు పోవు రైతులు వీరిని చూచి నవ్వుదురు. ‘కొంగను చూచుటకు ఇంత దూరము రావలెనా, మా దొడ్డిలో లేవా?’ అని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఈ పని కేవలము వేడుక కాదనియు, మన నీటి స్థితికి సాక్ష్యము పలుకు పని యనియు మా యభిప్రాయము. కారణములను పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా ఈ గట్టును గూర్చి రెండు మాటలు. ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమయ్యెను. నేడు ఆ రెండింటి స్థానమున బ్యారేజీలు నిలిచియున్నవి. మొదటి ఆనకట్టలకు కాటన్ దొర పేరు నిలిచినది. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు ఎచ్చటను వ్రాయబడలేదు. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. గాలి చాలనప్పుడు పడవకు త్రాడు కట్టి లాగుచు మనుష్యులు గట్టు వెంట నడిచెడివారు. గట్టుమీది బాట వారి పాదములు తొక్కి గట్టిపఱచిన బాట. ఏలూరు వద్ద కృష్ణ కాలువయు గోదావరి కాలువయు కలియుటచే రెండు డెల్టాల నడుమను ధాన్యపు పడవలు సాగెడివి. పిమ్మట రైళ్ళును లారీలును వచ్చి పడవలను మాన్పినవి. బాట మాత్రము మిగిలినది.

ఈ బాట పక్షులను చూచువానికి తగిన చోటు. ఒకవైపు కాలువ, రెండవవైపు వరిచేలు, చేలకావల మురుగు కాలువ. గట్టు చేనికంటె ఎత్తుగా నుండుటచే చూపు దూరము పాఱును. బాట తిన్ననిది, నేడు నడచిన మేరనే మఱియొక వారము, మఱియొక సంవత్సరము నడువవచ్చును. ఒకే మేరను మరల మరల చూచినవాడే మార్పును గుర్తింపగలడు. అడవిలో దారి తప్పవచ్చును గాని కాలువగట్టుపై లెక్క తప్పదు.

ఇక పక్షులు. మన కంటికి అవన్నియు ఒక్కచోట గుమిగూడినట్లే యుండును. నిదానించి చూచినచో వానిలో నొక యేర్పాటు కలదు. నీటిలోతే వాని సరిహద్దు. తడిమట్టిపై ఉల్లంకులు ముక్కుతో పొడిచి పురుగులను తీయును. చీలమండ లోతు నీటిలో తెల్లకొంగలు, మోకాలిబంటి నీటిలో నారాయణపక్షులు నిలుచుండును. అంతకు లోతైన చోట బుడుబుంగ మునిగి, ఎవ్వరును ఊహింపని చోట తేలును. ఈదుచునే మునిగి చేపను తఱుముకొని పోవునది నీటికాకి. దాని యీకలు నీటిని పీల్చుకొనును. అందుచే మునుగుట సులభమగును గాని, పిదప ఏ మొద్దుపైననో యెక్కి ఱెక్కలు చాచి ఆరబెట్టుకొనక తప్పదు. నలుపు తెలుపుల లకుముకి పిట్ట నీటిపైన గాలిలో ఒక్కచోటనే ఱెక్కలాడించుచు నిలిచి, చేప కనబడగానే నిలువుగా పడును. దాని జ్ఞాతి యగు నీలిఱెక్కల లకుముకి తీగపై కూర్చుండి చేపతోబాటు మిడుతను, తొండను కూడ పట్టును.

ఈ యేర్పాటును ఎఱిగినవానికి కాలువ యొక పుస్తకమువలె కనబడును. అంచు మట్టి నశించినచో ఉల్లంకులు పోవును. లోతు నీరు మిగిలినంత కాలము నీటికాకులు నిలుచును. చలికాలపు ప్రవాసులు దూరదేశములనుండి వచ్చి పోవును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన దినములలో, అడుగున మిగిలిన మడుగుల చుట్టును కొంగలు సంతగుంపువలె చేరును. జూన్ మాసమున నీరు వదలినపుడు ఆ సంత చెదరిపోవును. ఇది ఏటేట జరుగు విషయము. దీనిని చూచినవారు అనేకులు గాని తేదీతో వ్రాసియుంచినవారు బహు కొలదిమంది.

చూచుట నేర్చినవానికి మన పూర్వుల చూపు ఎంత నిశితమైనదో కూడ తెలియవచ్చును. గట్టుప్రక్క బురదలో మట్టిరంగున ముడుచుకొని కూర్చుండు కొంగను మనవారు గుడ్డికొంగ యనిరి. మనిషి రెండు మూడు బారల దూరమునకు వచ్చు వఱకు అది కదలదు. కన్నులు లేకగాదు, తన రంగు తన్ను దాచుచున్నదను ధైర్యము వలన. ఎగిరినంతనే దాచియుంచిన తెల్లని ఱెక్కలు విప్పి, మట్టిగడ్డ మల్లెదండ యైనట్లు తోచును. తీతువు కూసిన కీడు వచ్చునని మన యింట పెద్దలు భయపడుదురు. వట్టి నేలపై గ్రుడ్లు పెట్టు నా పక్షి తన బిడ్డలకు మనవలన కీడు వచ్చునని భయపడి కూయును. నత్తలను తిని బ్రతుకు నత్తగొట్టు కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగులును. గుల్ల నుండి మాంసమును లాగుటకు తగిన పనిముట్టు అది. పేరు పెట్టిన పల్లెవాడు పక్షి యాహారమును పేరులోనే యిమిడ్చినాడు.

ఇట్టి పేర్లు మనకు వందలు కలవు. అయినను వానిని మొదట గ్రంథమున సమకూర్చినది పరదేశి వైద్యుడు. నెల్లూరున వైద్యోద్యోగము చేసిన జెర్డన్ అను నాతడు 1862–64 సంవత్సరములలో ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున తెలుగు పేర్లను కూడ వ్రాసికొనెను. ఆతనికి ఆ పేర్లు చెప్పినవారు మన వేటగాండ్రు, మన పల్లెప్రజలు. పిమ్మట సలీం అలీ 1931–32లో నిజాము రాష్ట్రమున పక్షులను పరిశీలించెను. 1941లో ఆతని సుప్రసిద్ధ గ్రంథము వెలువడెను. మన విద్యావంతులు మాత్రము తెల్లగానున్న దానిని కొంగ యనియు, నల్లగానున్న దానిని నీటికోడి యనియు చెప్పి తృప్తి పడుచున్నారు. పేరు మఱచిన వస్తువు పోయినపుడు పోయినదని యెఱుగుట కూడ కష్టమే. కావున కెమేరాతో గట్టెక్కువారు బొమ్మతోబాటు ఆ యూరి జాలరిని, పసులకాపరిని అడిగి పేరును కూడ తెచ్చుకొనవలయునని మా మనవి.

కెమేరా వలన కలిగిన మేలును గూర్చియు చెప్పవలెను. ఒకప్పుడు పక్షిశాస్త్రము తుపాకితో నడిచినది. పక్షిని చంపి చర్మమును దాచినగాని జాతి నిర్ణయము కాదని యెంచెడివారు. పాశ్చాత్య స్త్రీల టోపీలకై కొంగల పెండ్లికాలపు టీకలను మూటలుగా ఎగుమతి చేసిన దినములును కలవు. ఆ యెగుమతి 1902లో నిషేధింపబడెను. స్వతంత్రభారతమున 1972 నాటి వన్యప్రాణి రక్షణ శాసనము వేటను అణచినది. నేడు సామాన్యుడు కూడ చంపకయే జాతిని నిర్ణయింపవచ్చును. ఒక్క స్పష్టమైన బొమ్మ ముక్కు పొడవును, కాలి రంగును, ఱెక్క పట్టెను చూపును. దానితో తేదీయు గంటయు యంత్రమే వ్రాసికొనును.

అయితే కెమేరా కూడ తుపాకివలె ఉపద్రవము కాగలదు. గూటిలోని పిల్లలను బొమ్మ తీయవలెనని కొమ్మలు విఱిచినచో తల్లి వెనుదీయును. ఎండకును కాకికిని పిల్లలు బలియగును. ఎగురు బొమ్మకై ఱాయి విసరువారును, పక్షికూతలను యంత్రమున మ్రోగించి రప్పించువారును కలరు. చలికాలమున దూరప్రయాణము చేసి వచ్చిన పక్షిని ఊరక లేవగొట్టుట దాని బలమును దోచుటయే. బొమ్మకంటె పక్షి ముఖ్యమనునది మొదటి నియమము. తక్కిన మెలకువలు సామాన్యములు. సూర్యుడు వీపువైపు నుండవలెను. నిలుచుండుటకంటె కూర్చుండుట మేలు. పక్షి కంటి యెత్తున కటకము నుంచినచో నీడలతో గూడ బొమ్మ నిండుగా వచ్చును. ఎగురుదానికి సెకనులో వేయవ వంతు కాలము చాలును. నల్లని నీటిపై తెల్లకొంగను తీయునపుడు వెలుగును కొంత తగ్గింపవలయును. లేనిచో ఈకల వరుస చెదరి సున్నపుముద్ద మిగులును. అన్నింటికంటె పెద్ద మెలకువ కొంగ నేర్పినదే: కదలకుండుట.

ఇంతవఱకు చెప్పినది కళ. అది సాక్ష్యమగు విధమును ఇక చెప్పెదము. కె. కె. నీలకంఠన్ అను కేరళీయుడు, ఆంగ్లభాషాధ్యాపకుడు, 1946లో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గూళ్ళ నెలవును కనుగొని పరిశీలించెను. ఆతడు వ్రాసిన వ్యాసము 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ప్రకటింపబడెను. తరువాతి దశాబ్దములలో ఆ నెలవును గూడబాతులు విడిచిపోయినవి. ఆ యధ్యాపకుడు ఓపికతో వ్రాయకుండినచో, అచ్చట అట్టి నెలవొకటి యుండెననుటకు ముసలివారి జ్ఞాపకము తప్ప వేఱు ఆధారము లేకపోవును. మన సరస్సును గూర్చిన సాక్ష్యమును పరప్రాంతపువాడు వచ్చి వ్రాసిపోయెను. ఇందుకు మనము కృతజ్ఞులము. కొంత సిగ్గుపడవలసిన వారమును.

కొల్లేటి కథ పాఠకులెఱిగినదే. రెండు డెల్టాల నడుమనున్న ఆ పల్లపు సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల వఱదను తనలో నుంచుకొని ఉప్పుటేటి ద్వారమున సముద్రమునకు వదలును. 1999లో ఐదవ కాంటూరు లోపలి భాగము అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాలో చేరెను. 2006లో లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించెను. 2008లో శాసనసభ హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని తీర్మానించెను. పట్టాభూములు కోల్పోయిన రైతుల బాధ నిజము. వారికి పరిహారము చెల్లింపక నీతులు చెప్పుట న్యాయము కాదు. కాని నీటి దారిని మూసి, ఆ నీరు మనయందు దయదలచునని యాశించుటయు వివేకము కాదు. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు ఈ పాఠము పట్టణవాసులకును తెలిసినది.

ఈ వివాదములో పక్షుల లెక్కకు పని యున్నది. ఆ లెక్కను చదువుటలో నేర్పు కావలెను. కైకలూరు చేరువ ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు గూళ్ళు కట్టుచున్నవి. చూచుటకు కన్నులపండుగ. వానిని చూచి సరస్సు సుఖముగా నున్నదని కొందఱు తీర్పు చెప్పుదురు. తొందరపడరాదు. గూడబాతు ఈదుచు చేపను పట్టును. లోతైన చేపలచెరువు దానికి ఆకలి తీర్చగలదు. నిటారు గట్లు గల చెరువులో కొంగకు కాలూనుటకు చోటు లేదు. ఉల్లంకికి బురద లేదు. గూడబాతులు పెరిగి ఉల్లంకులు తఱిగినచో అది లోతు పెరిగి అంచు నశించినదనుటకు గుర్తు. ఎన్ని పక్షులు వచ్చినవని కాక, ఏవి వచ్చినవి, ఏవి రాలేదని యడుగవలయును.

కాలువలకును ఇదియే కొలత. పట్టణములు దాటునపుడు మన కాలువలు ఏ స్థితిలో నున్నవో వర్ణింప నక్కఱలేదు. మురుగు కలియుచున్నది, ప్లాస్టిక్ సంచులు లాకుల వద్ద కుప్పపడుచున్నవి, గుర్రపుడెక్క తివాసివలె పఱచుకొని వెలుతురును, గాలిని నీటికి అందనీయదు. కొన్నిచోట్ల గట్లకు కాంక్రీటు గోడలు కట్టుచున్నారు. నీరు ఇంకిపోకుండ చివరి పొలమునకు చేరుటకు అవి అవసరమని ఇంజనీర్లు చెప్పుదురు. అవసరమైనచోట కట్టుదురు గాక. ఊరూరికి కొంత మేర వాలుగట్టును, తుమ్మచెట్లను, తుంగను మిగిల్చినచో నష్టమేమి? గోడ కట్టిన మేరను, కట్టని మేరను ఒకే దినమున నడచి లెక్కించినవాని నోటుపుస్తకము ఈ వాదమునకు ఉపన్యాసములకంటె ఎక్కువ బలమిచ్చును.

పక్షులవలన మాకేమి లాభమని భూస్వాములు అడుగవచ్చును. నష్టము లేకపోలేదు. నీలపు జంబుకోళ్ళు వరిమొక్కలను కొఱుకును. గూడబాతులు, నీటికాకులు పెంపకపు చేపలను తినును. ఆ నష్టమును దాచి ప్రీతిని బోధింపము. కాని దున్నునపుడు నాగలి వెంటను, నేడు ట్రాక్టరు వెంటను నడచి బయటపడిన పురుగులను ఏరునది కొంగయే. వరిచేలలోని నత్తలను నత్తగొట్టు కొంగలు తగ్గించును. వానికి కూలి లేదు. గుంటూరు చేరువ ఉప్పలపాడు ప్రజలు తమ చెరువులోని పక్షులను కాపాడుకొనుచున్నారు. శ్రీకాకుళపు తేలినీలాపురమునను, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురమునను ఏటేట వచ్చు పక్షులను శుభసూచకముగా నెంచి గ్రామస్థులు ఆదరింతురు. ఏ శాసనమును వారికి దీనిని నేర్పలేదు. కాపాడుట మన పల్లెల సంప్రదాయము. లెక్క వ్రాయుట మాత్రమే క్రొత్త.

కావున మా సూచన యిది. కాలువ యొడ్డున నున్న ప్రతి పట్టణమునను నలుగురైదుగురు కూడి ఒక లాకు నుండి మఱియొక లాకు వఱకు ఒక మేరను తమదిగా నెంచుకొనవలెను. వారమునకో పక్షమునకో ఒకసారి, ఒకే గంటకు, ఒకే నడకతో ఆ మేరను నడువవలెను. తేదీ, చోటు, నీటి మట్టము, పక్షి తెలుగు పేరు, సంఖ్య వ్రాయవలెను. కనబడినవానికి బొమ్మ; కనబడనివానికి సున్న. ఆ సున్నయే ఇరువదియేండ్లకు మిక్కిలి విలువైన అంకె యగును. 1987 నుండి ఏటేట జనవరి మాసమున ఆసియాఖండపు నీటిపక్షుల గణన జరుగుచున్నది. మన మేర లెక్కను దానికి పంపవచ్చును. కంప్యూటరు ద్వారమున ఈబర్డ్ వంటి నమోదుపట్టికలలో చేర్చవచ్చును. పాఠశాలల పిల్లలకు ఇంతకంటె మంచి ప్రకృతిపాఠము లేదు. దుర్భిణి ఒకటి పదిమందికి చాలును. కెమేరా లేనివాడు నిరాశ చెందనక్కఱలేదు. పెన్సిలు కలవాడు సాక్షి కాగలడు.

కొంగజపమను మాటకు మనవారు ఇంతకాలము చెడ్డయర్థమునే చెప్పిరి. కదలక నిలిచి, నీటిని చూచి, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయువాని పనికి కూడ ఆ పేరే చెల్లునట్లు చేయుట మన చేతిలోనున్నది. కాలువలు మన పొలములకు అన్నము పెట్టినవి. వాని యారోగ్యమును కనిపెట్టి చూచుటకు వారమునకొక ప్రాతఃకాలము వెచ్చించుట ఋణము తీర్చుటలో తొలి వాయిదా మాత్రమే. ఈ శీతకాలముననే ఆ వాయిదా చెల్లింపవలయునని ఆంధ్రసోదరులను, సోదరీమణులను కోరుచున్నాము.